ఉయ్యాల ఎందుకో తెలిసిన చేతులు

ఆటిస్టిక్ పిల్లలతో మంచి ఆక్యుపేషనల్ థెరపిస్టు పనిచేస్తుంటే చూడటం నాకు పండగ. కొత్తగా చూసేవారికి అక్కడ ఏ పనీ జరగనట్టే ఉంటుంది. పిల్లవాడు బల్ల కింద దూరి కూర్చుంటాడు. ఆవిడ "బయటికి రా" అనదు. ముందు ట్యూబ్‌లైటు ఆర్పేస్తుంది. తర్వాత తనూ నేలమీద పడుకుని, వాడి ముఖంలోకి చూడకుండా, వాడు తిప్పినట్టే ఒక కారుబొమ్మ చక్రం తిప్పుతూ ఉంటుంది. కాసేపటికి బల్ల కిందనుంచి ఒక కాలు బయటికొస్తుంది. ఇంకాసేపటికి వాడే లేచి ఉయ్యాల దగ్గరికి నడుస్తాడు. వెలుతురు కళ్లకు గుచ్చుకుంటోందనీ, ముఖాముఖి చూపు బరువవుతోందనీ, తనకు నచ్చిన ఆటలో తోడు దొరికితే భయం తగ్గుతుందనీ వాడు ఒక్క మాటా చెప్పలేదు. ఆవిడ చదివేసింది. ఎంత చదువు కావాలి ఆ చదవడానికి!

ఈ విద్యకు తల్లి అమెరికాలోని కాలిఫోర్నియాకు చెందిన ఏ. జీన్ ఏయర్స్. 1972లో వెలువడిన తన పుస్తకంలో ఆమె సెన్సరీ ఇంటిగ్రేషన్ సిద్ధాంతాన్ని వివరించింది. కళ్లు, చెవులు, చర్మం మాత్రమే కాదు. లోపలి చెవి నుంచి వచ్చే కదలిక కబురు, కండరాలూ కీళ్లూ పంపే ఒత్తిడి కబురు కూడా మెదడులో కలవాలి. అవి కుదురుగా కలవకపోతే పలక మీద గీత గీయడమూ కష్టమే, అన్నం ముందు కూర్చోవడమూ కష్టమే. అందుకే ఆక్యుపేషనల్ థెరపీ (ఓటీ) గదిలో ఉయ్యాల. ముందుకూ వెనక్కూ ఒకే లయలో మెల్లగా ఊగితే ఒళ్లు నెమ్మదిస్తుంది, చీర ఉయ్యాలలో మన అమ్మమ్మలు చేసింది అదే. గిరగిరా తిప్పితే కొందరికి హుషారు, కొందరికి వాంతి. ఏ పిల్లకు ఏ ఊపు, ఎంతసేపు, ఎప్పుడు ఆపాలి అన్నదే నైపుణ్యం. పని మరీ తేలికగా ఉండకూడదు, బెదరగొట్టేంతగానూ ఉండకూడదు. ఆ కొలతను పిల్ల ముఖం చూసి క్షణక్షణం సరిచేస్తూ పోయే చేతులకు నేను దండం పెడతాను.

టెంపుల్ గ్రాండిన్ కథ చెప్పకుండా ఉండలేను. ఆటిస్టిక్ అయిన ఆ అమ్మాయి తన బంధువుల పశువుల క్షేత్రంలో, టీకా వేయడానికి ఆవుల్ని రెండు పలకల మధ్య పట్టి ఉంచే చట్రం చూసింది. ఒత్తిడికి ఆవులు శాంతించడం గమనించి, తనకోసం అలాంటి యంత్రమే కట్టుకుంది. గట్టి ఒత్తిడి నెమ్మదినిస్తుందని తన ఒంటితో తెలుసుకుని లోకానికి చెప్పిన మనిషి! అయినా ఇంద్రియాల తేడాలను ఆటిజం లక్షణాల్లో ఒకటిగా అమెరికా మనోవైద్యుల గ్రంథం డీఎస్ఎం లెక్కలోకి తీసుకున్నది 2013లో.

అయితే పాత ఓటీలోనూ పిల్లను "బాగుచేసే" ధోరణి ఉండేది. దాన్ని మార్చింది ఆటిస్టిక్ పెద్దలే. మా కోసం శోకించకండి అని జిమ్ సింక్లెయిర్ 1993లోనే తల్లిదండ్రులకు చెప్పారు. అర్థంకాకపోవడం ఆటిస్టిక్ వారికీ ఇతరులకూ మధ్య రెండువైపులా ఉందని డేమియన్ మిల్టన్ 2012లో వాదించాడు. ఆ మాటలు విన్న థెరపిస్టు పిల్ల చేతులు ఆడిస్తుంటే పట్టి ఆపదు. ఆ కదలిక పిల్లకు ఏం ఇస్తోందో చూస్తుంది.

అసలు పనితనం ఇంట్లో కనిపిస్తుంది. తలంటంటే ఇల్లెగిరిపోయేలా ఏడ్చే పిల్లకు ముందుగా బొమ్మలతో వరస చూపిస్తారు. మెత్తగా తాకే బదులు గట్టిగా అదిమి నూనె రాస్తారు, నీళ్లు కళ్లలో పడకుండా నుదుటికి తువ్వాలు అడ్డం పెడతారు. పప్పన్నం కలిపితే ఓకరించే పిల్లకు పప్పు వేరే గిన్నెలో. మిక్సీ వేసేముందు ఒక మాట. పెళ్లికి వెళ్లాలంటే బ్యాండు మేళం ఆగాక వెళ్లడం, చెవులకు హెడ్‌ఫోన్లు, విడిదిలో ఒక ఖాళీ గది. చపాతీ పిండి పిసకడం, నీళ్ల బిందె మోయడం కండరాలకు కావలసిన బరువు పని. అమ్మకు అదనపు హోంవర్కు లేదు, ఉన్న రోజే కాస్త మారుతుంది.

మన దేశంలో ఈ వృత్తికి 1950లో ముంబై కేఈఎం ఆసుపత్రిలో కమలా నింబ్కర్ బడి పెట్టారు. సికింద్రాబాద్ బోయినపల్లిలో మేధో వైకల్యమున్నవారి కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఐఈపీఐడీ ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని గుర్తించింది. ఇంత ఉండీ మన వీధుల్లో జరుగుతున్నదేమిటి?

బంతుల తొట్టి, ఒక ఉయ్యాల, గోడ మీద కార్టూన్లు, బయట "సెన్సరీ ఇంటిగ్రేషన్" బోర్డు. లోపల "నన్ను చూడు, నన్ను చూడు" అంటూ గడ్డం పట్టుకుని తిప్పడం, చూస్తే ఒక చిప్స్ ముక్క. చేతులు ఆడిస్తే ఒళ్లో అదిమి పట్టడం. తలుపు మూసేస్తారు, తల్లి వరండాలో కూర్చుని ఏడుపు వింటుంది. నెల ప్యాకేజీ, "నార్మల్ చేసిస్తాం" అన్న హామీ. వారానికి 40 గంటల డ్రిల్లుతో దాదాపు సగం మంది పిల్లలు మామూలు పిల్లల్లా అయ్యారని 1987లో మనస్తత్వవేత్త లోవాస్ రాసినదాని నీడ ఇంకా మనల్ని వదల్లేదు. చివరికి పిల్ల నోరుమూసుకుని కూర్చుంటే దాన్ని ప్రగతి అని ఫైల్లో రాస్తారు. తన "వద్దు"కు విలువ లేదని ఆ పిల్ల నేర్చుకుంది. రేపు ఎవరైనా చెడుగా చెయ్యి వేస్తే ఆ పిల్ల ఎలా వద్దంటుంది? ఇది థెరపీ కాదు, దౌర్జన్యం.

ఓటీకి ఆధారాలు చాలవని అనేవారున్నారు. 2014లో రోజాన్ షాఫ్ బృందం 32 మంది పిల్లల్లో మేలు చూసింది. 2022లో బ్రిటన్‌లో వెలువడిన పెద్ద పరిశోధనకు మామూలు సేవలను మించిన మేలు కనిపించలేదు. పరిశోధన ఇంకా జరగాలి, జరగనివ్వండి. ఈలోగా పిల్లను ఏడిపించని పద్ధతి వైపే నేను నిలబడతాను.

ఫీజు కట్టేముందు తల్లిదండ్రులు ఒక్క సెషన్ లోపల కూర్చుని చూడండి. మీ పిల్ల తల తిప్పుకుని వద్దన్నప్పుడు ఎదుటి మనిషి చెయ్యి ఆగుతుందా లేదా గమనించండి. ఆగకపోతే, మిమ్మల్ని లోపలికే రానివ్వకపోతే, పిల్లను ఎత్తుకుని ఇంటికి వచ్చేయండి.