మళ్ళీ మళ్ళీ రాయించుకున్న పాత్రలు

పూర్వకవి సృష్టించిన పాత్రను తీసుకుని, దానికి కొత్త సన్నివేశం, కొత్త మాట, కొత్త మనసు ఇచ్చి రాయడం తెలుగు సాహిత్యంలో మొదటి నుంచీ ఉన్న పని. ఈనాటి యువతరం ఫ్యాన్ ఫిక్షన్ అని పిలుచుకుంటున్నది దీన్నే. ఈ పనికి శాస్త్రం కూడా పాతదే. అలంకారికులు కథావస్తువును ప్రఖ్యాతం, ఉత్పాద్యం, మిశ్రం అని మూడుగా విభజించారు. పురాణాల నుంచి వచ్చింది ప్రఖ్యాతం, కవి సొంతంగా అల్లింది ఉత్పాద్యం, రెండూ కలిసింది మిశ్రం. వీటిలో మిశ్రమే మేలైనదని వసుచరిత్ర కర్త రామరాజభూషణుడు కుండబద్దలు కొట్టినట్టు చెప్పాడు. తెలుగు కావ్యాలలో సింహభాగం ఈ తీర్పుకు సరిపోయేవే.

చరిత్ర క్లుప్తంగా ఇది. పదకొండో శతాబ్దంలో నన్నయ భారతాన్ని తెలుగు చేస్తూనే దాన్ని తన చేతివాటానికి మలుచుకున్నాడు. పెద్దన మార్కండేయ పురాణంలోని చిన్న ఉపాఖ్యానం తీసుకుని ఆరు ఆశ్వాసాల మనుచరిత్ర రాశాడు. అందులోని వరూధిని అప్పటి నుంచి తెలుగింటి మనిషైపోయింది. చేమకూర వేంకటకవి అర్జునుడి తీర్థయాత్రలో ఎదురయ్యే ఉలూచి, చిత్రాంగద, సుభద్రలతో విజయవిలాసాన్ని కళకళలాడించాడు. ఆ తర్వాత యక్షగానాలు, నాటకాలు, సినిమాలు, నవలలు వరసగా ఇదే బాట పట్టాయి.

ఈ విద్యలో మొదటి మెళకువ పాత్రను ఎంచుకోవడం. మూలకవి పూర్తిగా చెప్పేసిన మనిషి జోలికి చేయి తిరిగిన వారు సాధారణంగా పోరు. ధర్మరాజును తిరగరాసినవారు తక్కువ. సత్యభామ, ఊర్మిళ, శశిరేఖ, ఘటోత్కచుడు, సుయోధనుడు, శూర్పణఖ, అహల్య మాత్రం ప్రతి తరంలోనూ కొత్త కలాన్ని పిలుచుకుంటారు. కొందరి గురించి మూలం ముక్తసరిగా మాట్లాడింది. మరికొందరి గురించి ఒకవైపే మాట్లాడింది. ఆ ఖాళీ ఎక్కడుందో పసిగట్టగలిగినవాడే ఈ పనికి తగినవాడు.

సత్యభామది ఈ వరసలో మొదటి పీట. సంస్కృత భాగవతంలో కృష్ణుడు భార్యతో కలిసి గరుత్మంతుణ్ణి ఎక్కి నరకుడి మీదికి వెళ్ళాడని ఉంది, అంతే. యుద్ధం చేసింది ఆయనే. పోతన ఆ ఒక్క ప్రయాణాన్ని పట్టుకుని సత్యభామ చేతికి విల్లు ఇచ్చాడు. ఆమె జుట్టు ముడుస్తుంది, పయ్యెద బిగిస్తుంది, బాణం సంధిస్తుంది. ఒకే ముఖంలో శత్రువు వైపు వీరం, మగడి వైపు శృంగారం ఏకకాలంలో పలికించిన పోతన నేర్పుకు సాటి తెలుగులో దొరకడం కష్టం. నంది తిమ్మన మరో అడుగు ముందుకు వేశాడు. పారిజాతం రుక్మిణికి ఇచ్చాడని అలిగిన సత్య, కాళ్ళ మీద పడిన జగన్నాథుణ్ణి ఎడమకాలితో తన్నింది. హరివంశంలో లేని ఆ తన్ను తిమ్మన కల్పన. రాయలవారి అంతఃపురంలో రేగిన అలకను తీర్చడానికే ఆ కావ్యం పుట్టిందని ఒక కథ ప్రచారంలో ఉంది. దాని నిజానిజాలు ఎలా ఉన్నా, దేవుడి తలకు కాలు తగిలించి పాఠకుడి చేత శభాష్ అనిపించుకోవడం అసాధారణమైన సాహసం.

కూచిపూడి భామాకలాపం ఈ పాత్రకు జడ ఇచ్చింది. సిద్ధేంద్ర యోగి పేరిట వస్తున్న ఆ కలాపంలో భామ తెర వెనక నుంచి పొడవైన జడను తెర మీదుగా సభలోకి వేస్తుంది. తనను విద్యలో గెలవగలిగినవారు ఆ జడ కోయవచ్చునని సవాలు. ముఖం ఇంకా కనిపించలేదు, ఒక్క మాటా వినిపించలేదు, అయినా సత్యభామ అభిమానం, అహంకారం, అందం మూడూ సభకు తెలిసిపోయాయి. అంత గర్విష్ఠి తీరా చెలికత్తె మాధవి మగడి పేరు చెప్పమంటే సిగ్గుతో మెలికలు తిరుగుతుంది. పాత్రపోషణ అంటే ఇది. వేదాంతం సత్యనారాయణ శర్మ ఆ వేషం కడితే ఆడవాళ్ళే ముచ్చటపడి చూసేవారు. రంగస్థలం మీద స్థానం నరసింహారావు శ్రీకృష్ణ తులాభారం నాటకంలో సత్యభామగా నిలిచి, ఆ పాత్రకు కావలసిన 'మీరజాలగలడా' పాటను తానే రాసుకున్నారు. వెండితెర మీద జమున ఆ వారసత్వాన్ని అందుకుంది. అయిదు వందల ఏళ్ళకు పైగా ఇన్ని చేతులు మారినా సత్యభామ స్వభావం చెదరలేదు. కొత్తదనం సన్నివేశంలో ఉండాలి, స్వభావం మాత్రం పాతదే కావాలి. ఇది రెండో మెళకువ.

ఊర్మిళ కథ ఇంకా గొప్పది. దాన్ని పెంచింది పండితులు కాదు, దంపుళ్ళ దగ్గరా ఊయల దగ్గరా పాడుకున్న ఆడవాళ్ళు. వాల్మీకి ఊర్మిళకు పెళ్ళి చేసి దాదాపు మరచిపోయాడు. అవాల్మీకాలైన కథలు ఆమె ఋణం తీర్చాయి. అడవిలో నిద్రాదేవి లక్ష్మణుణ్ణి ఆవహించబోతే, పద్నాలుగేళ్ళు తనను వదిలి ఊర్మిళను పట్టుకోమని అతడు వేడుకున్నాడని రంగనాథ రామాయణం చెబుతుంది. ఊర్మిళాదేవి నిద్ర పాటలో ఆ నిద్ర తీరే ఘట్టం ఉంది. వనవాసం నుంచి వచ్చిన లక్ష్మణుడు పాన్పు మీద కూర్చుంటే, నిద్రమత్తులో ఉన్న ఊర్మిళ అతన్ని గుర్తించదు. ఎవరో పరాయి మగవాడనుకుని మందలిస్తుంది. తన తండ్రికి తెలిస్తే శిక్ష తప్పదని హెచ్చరిస్తుంది. పరస్త్రీని కోరి ఇంద్రుడు ఏమయ్యాడో, రావణుడు ఏమయ్యాడో ఏకరువు పెడుతుంది. మూలంలో నోరు మెదపని మనిషి ఇక్కడ ధర్మం చెబుతోంది, అదీ లక్ష్మణుడికి. ఇంత చేసినా పాట రామాయణంలో ఒక్క సంఘటననూ మార్చలేదు. అడవి అడవిలాగే ఉంది, పట్టాభిషేకం పట్టాభిషేకంలాగే ఉంది. మూలం చూడని గదిలోకి వెళ్ళి, పని ముగించుకుని తలుపు వేసి వచ్చింది. మూడో మెళకువ అదే. దాన్ని ఈ పాటలు కట్టిన పేరులేని తల్లులంత నిర్దుష్టంగా ఆస్థాన కవులు కూడా సాధించలేదని నిస్సంకోచంగా చెప్పవచ్చు.

ఇక శశిరేఖ. వ్యాసభారతంలో బలరాముడికి ఆ పేరుగల కూతురే లేదు. అభిమన్యుడి భార్య ఉత్తర. జానపదుల నుంచి నాటకాలకు, సురభివారి రంగస్థలానికి ఎక్కిన శశిరేఖా పరిణయం 1957లో కె.వి.రెడ్డి చేతిలో మాయాబజార్ అయింది. పింగళి నాగేంద్రరావు దానికి మాటలు, పాటలు రాశారు. భారత కథలో పాండవులు తెర మీద కనిపించకుండా చిత్రం నడపడం ఒక ఘనత. రాక్షసులకు సొంత భాష కల్పించడం అంతకు మించిన ఘనత. అస్మదీయులు, తసమదీయులు, వీరతాళ్ళు అనే మాటలు ఇవాళ్టికీ ఇళ్ళలో వాడుకలో ఉన్నాయి. శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడు 'ఆహా నా పెళ్ళియంట' అని పాడేటప్పుడు సుశీల గొంతు మధ్యలో ఘంటసాల గొంతు పైకి లేస్తుంది. అదే క్షణంలో సావిత్రి భుజాలు, నడక ఎస్.వి.రంగారావువి అయిపోతాయి. పాత్రకు దాని మాట, దాని నడక దొరకడం నాలుగో మెళకువ. పింగళిని మించినవారు అందులో లేరు.

ప్రతినాయకుడి పక్షాన రాయడానికి వేరే నేర్పు కావాలి. 1977లో వచ్చిన దాన వీర శూర కర్ణలో కొండవీటి వెంకటకవి సుయోధనుడికి రాసిన సంభాషణలను ఊళ్ళలో పిల్లలు సైతం కంఠస్థం చేశారు. కుమారాస్త్ర విద్యా ప్రదర్శన వేళ కులం అడిగినవారిని సుయోధనుడు నిలదీసే ఘట్టం గాలిలోంచి పుట్టలేదు. శూరుల పుట్టుకను, నదుల పుట్టుకను ఆరా తీయరాదన్న వాదన, ద్రోణ కృపుల జన్మల ప్రస్తావన ఆదిపర్వంలోనే దుర్యోధనుడి నోట ఉన్నాయి. వెంకటకవి ఆ విత్తును వెతికి పట్టుకుని మహావృక్షం చేశారు.

ఆధునికులు ఇదే విత్తుతో ప్రశ్నలు పండించారు. త్రిపురనేని రామస్వామి చౌదరి శంబుకవధ నాటకంతో శంబుకుడికి నోరిచ్చారు. ఓల్గా 'విముక్త' కథల్లో వాల్మీకి ఆశ్రమంలో ఉన్న సీత శూర్పణఖను కలుస్తుంది. ముక్కుచెవులు కోల్పోయిన శూర్పణఖ అక్కడ పగతో రగలడం లేదు, తోట పెంచుతోంది. అవమానం తర్వాత ఒక స్త్రీ ఎలా బతికిందన్న ప్రశ్నను మూలం అడగలేదు, ఆ తోట అడిగింది. 2015లో ఆ పుస్తకానికి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. పురాణమే కానక్కరలేదని కూడా తెలుగు నిరూపించింది. 1897లో అచ్చయిన కన్యాశుల్కంలోని గిరీశాన్ని ముళ్ళపూడి వెంకటరమణ సినిమా లోకంలోకి తెచ్చి 'గిరీశం లెక్చర్లు' ఇప్పించారు. గురజాడ గిరీశం ఆ రోజుల్లో సినిమా చూసి ఉంటే అలాగే మాట్లాడేవాడని చదివినవారెవరైనా ఒప్పుకుంటారు.

ఇంతటి విద్య ఇప్పుడు చౌకబారు చేతుల్లో నలిగిపోతోంది. రావణుణ్ణి మంచివాణ్ణి, రాముణ్ణి చెడ్డవాణ్ణి చేసేస్తే కొత్త రచన అయిపోయిందని నమ్మేవారు ఎక్కువయ్యారు. అది బోర్డు తిప్పి రాయడమే, పాత్రను తెలుసుకోవడం కాదు. శూర్పణఖ పేరు పెట్టి, ఏ పేరైనా సరిపోయే పగ కథ నడుపుతున్నారు. కర్ణుడి చేత నేటి సినిమా హీరో డైలాగులు చెప్పిస్తున్నారు. టీవీ సీరియళ్ళలో దేవతలు అత్తాకోడళ్ళ తగాదాలు పడుతున్నారు. అభిమాన నటుడి గొప్ప చాటడానికి పురాణ పురుషుణ్ణి అడ్డం పెట్టుకునే రాతలు మరీ బాధాకరం. ఇలా రాసేవారిలో చాలామందికి మూలం తెలియదు. భారతం ఒక్క పర్వం చదవకుండా ద్రౌపది మనసు రాయబూనడం సాహసం కాదు, అపచారం. అభిమానం అన్న పేరు పెట్టినంత మాత్రాన అది మాఫీ కాదు.

మరోవైపు అసలు సొత్తు చేజారుతోంది. 1955లో ఆంధ్ర సారస్వత పరిషత్తు 'స్త్రీల రామాయణపు పాటలు' ప్రచురించి మహోపకారం చేసింది. అయినా ఆ పాటలు నోటికి వచ్చిన ముసలమ్మలు ఏటేటా తగ్గిపోతున్నారు. విశ్వవిద్యాలయాలు, అకాడమీలు ఉన్నచోటనే ఆ గొంతులను రికార్డు చేయించాలి, పాత సంకలనాలను మళ్ళీ అచ్చు వేయించాలి. ఇంట్లో అమ్మమ్మో నాయనమ్మో ఉన్న ప్రతి పాఠకుడూ ఊర్మిళ పాట వచ్చునేమో అడిగి రాసుకోవాలి. కలం పట్టే యువత ముందు మూలం చదవాలి, అందులోని ఖాళీని వెతకాలి, ఆ పాత్ర స్వభావానికి కట్టుబడి రాయాలి. ఈ మూడూ పాటించినవారి చేతిలో సత్యభామ ఇంకో అయిదు వందల ఏళ్ళు నిక్షేపంగా బతుకుతుంది.