బారీ గుమ్మాల పాస్తా

దక్షిణ ఇటలీలోని బారీ పాతబస్తీలో ఆడవాళ్లు గుమ్మాల ముందు బల్ల వేసుకుని ఒరెక్కియెత్తె పాస్తా చేస్తారు. గట్టి గోధుమ రవ్వ, నీళ్లు, అంతే. గుడ్డు లేకపోవడం లోటని ఉత్తర ఇటలీలోని బొలోన్యా వంట మరిగినవాళ్లు అనవచ్చు. అక్కడి మెత్తటి గోధుమపిండికి గుడ్డు ఊతం కావాలి. బారీ ఉన్న పుల్యా ప్రాంతపు పొలాల గట్టి గోధుమ తనంతట తానే ముద్దను పట్టి ఉంచుతుంది. పిండిముక్కను కత్తితో బల్లమీద ఈడ్చి బొటనవేలిమీద తిరగేస్తే చిన్న చెవిలాంటి దొప్ప తయారు. ఆ గుంట, దాని పైనున్న గరుకు కలిసి చీమె ది రాపా అనే చేదు ఆకుకూరనూ (ఆవాల కుటుంబానిదే), ఆలివ్ నూనెనూ వదలకుండా పట్టుకుంటాయి. యంత్రం ఈ ఆకారం చేయలేదా? చేస్తుంది, చౌకగానూ చేస్తుంది. కానీ ఆ పూట పిండి తీరు చూసి నీళ్లు తగ్గించే వేళ్లు దానికి లేవు. పేదల తిండికి ఇంత పొగడ్తా అంటారా? చీజ్ కొనలేనివాళ్లు వేయించిన రొట్టెపొడి చల్లుకున్నారు. ఇప్పుడు కొనగలవాళ్లూ అదే చల్లుకుంటున్నారు.