చుట్టీ మీద ఇంటికి

గల్ఫ్‌లో రెండేళ్లో మూడేళ్లో పనిచేసి ఇంటికి రావడాన్ని మావాళ్లు 'చుట్టీ మీద వచ్చుడు' అంటారు. టికెట్ కొనుక్కుని విమానం ఎక్కితే అయిపోయే పని కాదది. నాలుగైదు నెలల ముందే మొదలవుతుంది, పాతవాళ్లను చూసి కొత్తవాళ్లు నేర్చుకుంటారు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు పల్లెల్లో ఇది రెండు తరాల అలవాటు. బొగ్గుబాయిల నీడన పెరిగిన గోదావరిఖని పిల్లలకు మాత్రం కొంత ఆలస్యంగా వచ్చింది. మా చిన్నప్పుడు తండ్రి పని నుంచి దిగిపోతే కొడుకు బాయిల పనికి ఎక్కేవాడు. 1990ల చివర్లో వారసత్వ ఉద్యోగాలు ఆగిపోయాయి. ఒకప్పుడు లక్షకు పైగా కార్మికులున్న సింగరేణి ఇవాళ నలభై వేల దరిదాపుల్లో ఉంది. ఆ సందులోంచే మాలాంటి చాలామందిమి షార్జాకో, దమ్మామ్‌కో దారిపట్టాం.

చుట్టీలో మొదటి విద్య పెట్టె కట్టడం. మా క్యాంపు గదిలో ఆర్మూర్ వైపు పెద్దాయన ఒకరుండేవారు. ఎవరు ఇంటికి పోతున్నా పెట్టె ఆయనే కట్టాలి. అడుగున పులిబొమ్మ దుప్పటి మడిచి పరిచేవారు. దాని మీద పాలపొడి డబ్బాలు, టాంగ్, ఖర్జూరం. అత్తరు సీసాలను సాక్సుల్లో దూర్చి బట్టల నడుమ పెట్టేవారు. చాక్లెట్లు అంచులకు తగలకుండా నట్టనడుమ. సందు దొరికిన చోటల్లా టైగర్ బామ్ డబ్బీలు, సబ్బులు. ప్రతి వస్తువూ పెట్టేముందు "ఇది ఎవలికి?" అని అడిగేవారు. పేరు చెప్పలేకపోతే పక్కన పెట్టించేవారు. ముప్పై కిలోల లెక్కలో పేరులేని వస్తువుకు చోటుండదని ఆయన మాట. చివర్లో చేతికాంటాకు తగిలించి ఎత్తి, కిలో ఎక్కువైతే మళ్లీ విప్పేవారు. టేపు వేసి, తాడు బిగించి, మార్కర్‌తో నాలుగు వైపులా పేరూ ఊరూ రాయించేవారు. 2017లో దుబాయ్ విమానాశ్రయం ఒక వైపైనా చదునుగా లేని సామాను తీసుకోమంది. జిద్దాలో తాళ్లు కట్టిన మూటలు వద్దన్నారు. ఇప్పుడు పిల్లలు చక్రాల సూట్‌కేసులతో దిగుతున్నారు. పెట్టె మారింది కానీ పెద్దాయన ప్రశ్న మాత్రం ఇవాళ్టికీ పనికొస్తుంది.

ఊరి పేరు రాసే దగ్గర మాకొక చిక్కుండేది. మిగతావాళ్లు పల్లె పేరు, మండలం, జిల్లా రాసేవారు. మేం క్వార్టర్ నెంబరు రాసేవాళ్లం. టీ-2 క్వార్టర్, యైటింక్లైన్ కాలనీ, గోదావరిఖని. ఆ ఇల్లు సింగరేణి కంపెనీది. తండ్రి రిటైరైతే తాళంచెవి అప్పజెప్పాలి. కొడుకు ఎడారిలో ఉండగానే ఇంటి సామాను అద్దె ఇంటికో, శివారులో కొన్న జాగాలో వేసిన రేకులకో మారిపోతుంది. పోయేటప్పుడు ఏ గడప దాటాడో ఆ గడపకు తిరిగిరాని చుట్టీలు ఇక్కడ చాలా ఇళ్లలో ఉన్నాయి. ఓపెన్‌కాస్టు గనుల కింద ఊళ్లే పోయినవాళ్ల సంగతి ఇంకా కష్టం. అమ్మమ్మ ఊరికి పోదామంటే అక్కడ మట్టిగుట్టలు ఉంటాయి.

ఇక వచ్చే దారి సంగతి. మా దగ్గర్లోని బసంత్‌నగర్‌లో ఒక పాత ఎయిర్‌స్ట్రిప్ ఉంది. ఇప్పుడక్కడ ప్రయాణికుల విమానమేదీ దిగదు. 2008లో శంషాబాద్ తెరిచేదాకా బేగంపేట, అంతకుముందు చాలామందికి బొంబాయే దారి. ఇప్పుడు శంషాబాద్‌లో దిగితే రాజీవ్ రహదారి మీద సిద్దిపేట, కరీంనగర్, సుల్తానాబాద్, పెద్దపల్లి దాటి రావాలి. బసంత్‌నగర్ సిమెంటు ఫ్యాక్టరీ దాటాక ఎన్టీపీసీ పొగగొట్టాలు కనిపిస్తాయి. వేరే ఊరివాళ్లకు అది కాలుష్యం, నిజమే, మా ఊపిరితిత్తులకూ తెలుసు. అయినా ఆ గొట్టాలు కనబడ్డప్పుడు జీపులో ఒక్కరూ మాట్లాడరు.

ఇల్లు చేరాక అమ్మలందరూ అనే మొదటి మాట ఒక్కటే. "బక్కగయినవ్ బిడ్డా." ఆ తర్వాత తండ్రి కాస్త ఆగి అడుగుతాడు.

"పని ఎట్లున్నదిరా?"

"మంచిగనే ఉన్నది బాపు."

"తిండి?"

"మంచిగనే ఉన్నది."

అక్కడితో అయిపోతుంది. యాభై డిగ్రీల ఎండలో ఇనుము మోసిన సంగతి, ఒక గదిలో ఎనిమిది మంది పడుకునే సంగతి, మూడు నెలలు జీతం ఆగిన సంగతి ఇంట్లో బయటపడవు. అటువైపు నుంచీ అంతే. అమ్మకు షుగరు పెరిగిందనీ, పొలం కుదువబెట్టారనీ ఫోన్లో చెప్పరు. దూరాన ఉన్నవాడికి రంది ఎందుకని.

ఈ మౌనం గల్ఫ్ నుంచి వచ్చింది కాదని నా నమ్మకం. మా బాపులు నేర్పిందే. నైట్ షిఫ్టు దిగి, మసి కడుక్కుని, పిల్లలు బడికి పోయే వేళకు ఇంటికొచ్చేవారు. పైకప్పు ఎక్కడ చప్పుడు చేసిందో, పక్కన ఎవరి కాలు నలిగిందో అమ్మకు చెప్పినట్టు నాకు గుర్తులేదు. 2003 జూన్‌లో గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిలో నీళ్లు ముంచెత్తి 17 మంది చనిపోయారు. ఆ వారమంతా కాలనీలో ప్రతి ఇంటి ముందూ మనుషులు గుమిగూడి ఉన్నారు. బాయిలోపల ఏం జరుగుతుందో చాలామంది ఆడవాళ్లకు అప్పుడే తెలిసింది.

అయితే బాయి దగ్గర ఒక ఏర్పాటుండేది. దిగేముందు ల్యాంప్ రూమ్‌లో తన నెంబరు చెప్పి క్యాప్ ల్యాంప్ తీసుకోవాలి. ఎక్కివచ్చాక అక్కడే అప్పజెప్పాలి. షిఫ్టు అయ్యాక కూడా ఒక ల్యాంపు చోటు ఖాళీగా ఉంటే, ఆ మనిషి ఇంకా కిందే ఉన్నాడని పైనున్నవాళ్లకు తెలిసిపోతుంది. అతని పేరేంటో, ఏ పనిస్థలంలో ఉన్నాడో మస్టర్‌లో ఉంటుంది. తండ్రి ఇంట్లో ఏమీ చెప్పకపోయినా, అతని లెక్క ఒకచోట రాసి ఉండేది.

దుబాయికి పోయిన కొడుక్కు ఆ ల్యాంప్ రూమ్ లేదు. ఆపద వచ్చిన ఇళ్లకు నేను పోతుంటాను. మొదటగా అడిగేది కంపెనీ పేరు. "ఏదో క్లీనింగ్ కంపెనీ అన్నడు" అంటారు. పాస్‌పోర్టు కాపీ ఉందా అంటే పెళ్లి ఫోటోలు, ఆధార్ కార్డు తెచ్చి ముందు పెడతారు. ఏ నగరమో తెలియదు, క్యాంపు తెలియదు, గదిలో తోడున్నవాడి నెంబరు లేదు. శవపేటిక శంషాబాద్‌లో దిగితే ఊరిదాకా ఉచిత అంబులెన్సు ఉంది. కానీ అక్కడి ఆసుపత్రి నుంచి ఇక్కడిదాకా రావడానికి వారాలు పడుతున్నాయి. ఆ వారాల్లో చాలా రోజులు ఈ చిన్న వివరాల కోసమే పోతున్నాయి. 2024లో రాష్ట్ర ప్రభుత్వం గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయలు ఇస్తామని ఉత్తర్వులిచ్చింది. ఈసీఆర్ (ఎమిగ్రేషన్ తనిఖీ అవసరమైన) పాస్‌పోర్టు మీద పనికి పోయేవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. ప్రీమియం రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినా 10 లక్షలు వస్తాయి. ఆ పాలసీ ఉందని ఇంట్లో తెలియనివాళ్లు, గడువు తీరిందని తమకే తెలియనివాళ్లు ఎంతోమంది.

అందుకే చుట్టీ విద్యలో పెట్టె కట్టడం తర్వాత ఇంకో పాఠం ఉండాలంటాను. వచ్చిన మొదటి వారంలోనే, దావత్‌లు మొదలుకాకముందే, ఇంట్లోవాళ్లను కూర్చోబెట్టుకుని చెయ్యాల్సిన పని. పాస్‌పోర్టు, వీసా, అక్కడి గుర్తింపు కార్డు కాపీలు ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టండి. కంపెనీ పేరు అక్కడి బోర్డు మీద ఎలా ఉందో అలాగే రాయండి. క్యాంపు ఎక్కడుందో, గదిలో తోడున్న ఇద్దరి నెంబర్లేమిటో రాయండి. బీమా పాలసీ తేదీ చూసి, గడువు దగ్గరపడితే తిరిగిపోయేలోపే పొడిగించండి. నామినీ పేరు సరిచూడండి. బ్యాంకు ఖాతాకు కూడా. పెళ్లయినవాళ్లయితే ఈ కవరు భార్య చేతికివ్వండి, తమ్ముడి చేతికి కాదు.

ఆ కాగితాలు రాస్తుంటే మిగతా మాటలు వాటంతటవే వస్తాయి. కంపెనీ పేరు చెప్పినవాడు జీతం ఆగిన సంగతీ చెబుతాడు. అప్పుడు అమ్మ కూడా తన మందుల చీటీ తెచ్చి పక్కన పెడుతుంది. నేను చూసిన ఇళ్లలో అలాగే జరిగింది.

ఈ సంక్రాంతికో, వచ్చే ఎండాకాలానికో మీ ఇంటికి చుట్టీ మీద ఎవరైనా వస్తుంటే, దయచేసి ఈ కవరు అడగండి. ఇవ్వకుండా తిరుగు విమానం ఎక్కనివ్వకండి.