సాక్ష్యం చెప్పడం, సాక్ష్యం దొరకడం

‘సాక్ష్యం’ అన్న మాట తెలుగులో రెండు చోట్ల రెండు విధాలుగా చెలామణి అవుతుంది. న్యాయస్థానంలో సాక్షి తాను కళ్ళారా చూసిన సంగతిని, ఎక్కువగా ఇతరుల గురించి, చెబుతాడు. తన వ్యాజ్యానికి తన మాట తప్ప మరో ఆధారం లేనివాణ్ణి న్యాయమూర్తి అనుమానంతోనే వింటాడు. తెలుగు క్రైస్తవ ఆరాధనల్లో సాక్ష్యం చెప్పేవాడు తన గురించి తానే చెబుతాడు: పాత జీవితం, ఒక మలుపు, కొత్త జీవితం. ఒంగోలులోనైనా, నేను నివసించే క్రాన్‌బర్న్ చుట్టుపక్కల అద్దె హాళ్ళలో జరిగే కూడికల్లోనైనా ఆ కథనపు చట్రం ఒక్కటే. ఇక్కడ వీసా, ఉద్యోగం, ఇంటి అప్పు దానిలోకి కొత్తగా చేరాయి, అంతే.

ఈ కథనాలను ఎగతాళి చేయడం నా ఉద్దేశం కాదు. వాటిలో చాలా భాగం నిజాయితీగా చెప్పినవే. అయితే ఒక మనిషి నిత్యజీవితంలో విశ్వాసం ఎంతవరకు దిగిందో తెలుసుకోవడానికి అవి చాలతాయా అన్నది నా ప్రశ్న. వైద్యవిద్యలో మొదటి ఏళ్ళలోనే ఒక తేడా నేర్పుతారు. రోగి చెప్పుకునేది లక్షణం. పరీక్షించేవాడి కంటికి, చేతికి, స్టెతస్కోపుకు దొరికేది చిహ్నం. కడుపునొప్పి లక్షణం, కడుపు బిగుసుకుని ఉండటం చిహ్నం. లక్షణాన్ని కొట్టిపారేసే వైద్యుడు మంచివాడు కాదు, దానితోనే సరిపెట్టుకునేవాడూ కాదు. తెలుగు క్రైస్తవం గురించిన రచనలు లక్షణాలతో నిండి ఉన్నాయి. చిహ్నాలు నమోదైన చోట్లు తక్కువ, అవి తరచు రచయిత ఉద్దేశించని పేజీల్లో దొరుకుతాయి.

అటువంటి పేజీలు విరివిగా ఉన్న పుస్తకం ఒకటుంది. ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ఇంగ్లీషులో ప్రచురించిన ఆ పుస్తకం పేరుకు తెలుగు చెప్పాలంటే ‘చెప్పులు కుడుతూ’ అనాలి. రచయిత్రి ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌకు రెండవ భార్య, సామాజిక సువార్త సిద్ధాంతకర్తగా అమెరికాలో పేరుపొందిన వాల్టర్ రౌషెన్‌బుష్‌కు సోదరి. స్త్రీల హక్కుల గురించి రాసిన మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద బెర్న్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసి పట్టా పొందిన మనిషి, ఒంగోలు మాదిగ పెద్దల జ్ఞాపకాలను సేకరించి రాసింది. ఆ కాలపు మిషనరీ పుస్తకాల్లో ‘అంధకారంలో ఉన్న జనం’ అన్న మూస ఈమెలోనూ అక్కడక్కడ తొంగిచూస్తుంది. అయినా ఆమె వినడం తెలిసిన మనిషి. మతం మారకముందు ఆ పెద్దలు ఏ గురువుల దగ్గర కూర్చున్నారో, వీరబ్రహ్మం పేరు, నాసరయ్య పేరు వారి ఇళ్ళలో ఎలా వినబడేవో ఆమె నమోదు చేసింది. 1866లో బాప్తిస్మం పొందిన ఎర్రగుంట్ల పేరయ్య అప్పటికే యోగమార్గపు గురువుల శిష్యుడు. అంటే నమ్మకం నడతలో కనబడాలన్న తలంపు ఓడలో దిగుమతి అయినది కాదు. మాదిగ వాడలో అది అంతకుముందే ఉంది.

ఈ పుస్తకాన్ని క్లౌ స్వీయచరిత్రతో, అంటే ఆయన మరణానంతరం 1914లో వచ్చిన గ్రంథంతో, కలిపి చదివితే ఒక సంగతి స్పష్టపడుతుంది. కొత్తగా చేరినవారికి ఆ తొలి రోజుల్లో ఏర్పడిన కట్టుబాట్లు మూడే: ఆదివారం పని చేయకపోవడం, చచ్చిన పశువుల మాంసం తినకపోవడం, విగ్రహాలకు మొక్కకపోవడం. వేదాంత సూక్ష్మాలేవీ అందులో లేవు. కానీ ఊరి ఆర్థికవ్యవస్థ తెలిసినవారికి ఈ మూడింటి ఖరీదు తెలుస్తుంది. మాదిగ ఆదివారం పనికి రాకపోతే కోతల కాలంలో ఆసామికి కోపం. ఊరి జాతరలో డప్పు కొట్టనంటే కరణానికీ మునసబుకూ కోపం. దాని ఫలితం కళ్ళంలో కొలిచే మేర దగ్గర కనబడుతుంది, బావి దగ్గర, దారి దగ్గర కనబడుతుంది. ఆ కష్టాల వర్ణన మిషనరీ కలంలో వీరగాథ అవుతుంది. నేను వాటిని చిహ్నాలుగా చదువుతాను, ఎందుకంటే అక్కడ విశ్వాసం ఎంత అన్నది ఎదుటివాడు కొలుస్తున్నాడు, అదీ శత్రుభావంతో.

డప్పు సంగతి మాత్రం అంత తేలిగ్గా వదలలేను. వెట్టిగా కొట్టే డప్పును మానడం స్వేచ్ఛే. కానీ వెట్టితోపాటు వాయిద్యాన్నీ పాపపు జాబితాలో వేసిన లెక్క మిషనరీది. ఈనాడు అదే డప్పు ఆత్మగౌరవానికి గుర్తుగా తిరిగి చేతికెత్తుకున్న తరాన్ని చూస్తే, విశ్వాసానికి గుర్తులుగా ఎంచినవాటిలో కొన్ని కేవలం అభిరుచి భేదాలని తెలుస్తుంది.

ఒంగోలు చరిత్రలో అందరికీ తెలిసిన అంకె 2,222. 1878 జులై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో ఒక్కరోజున బాప్తిస్మం పొందినవారి సంఖ్య అది. మిషన్ సాహిత్యంలో ఈ అంకె ఆదివారపు బడి పిల్లలకు సైతం కంఠస్థం. దాని ప్రత్యర్థులకూ ఇష్టమైన అంకే. 1876-78 కరవు నేపథ్యంలో, కూడు కోసం మతం మారారన్న నిందకు ఇంతకన్న ఏం కావాలి? రెండు పక్షాలూ ఒకే అంకె చుట్టూ తిరగడం వల్ల దానికి ముందరి మౌనం మరుగున పడింది. కరవులో క్లౌ, తనకు తెలిసిన సర్వేయరు విద్య ఆధారంగా, బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వకాన్ని గుత్తకు తీసుకుని వేలమందికి కూలి కల్పించాడు. ఆ పని సాగినంతకాలం, ఏడాదికి పైగా, ఎవరు అడిగినా బాప్తిస్మం ఇవ్వలేదు. కూలికీ మతానికీ మధ్య ఎడం ఉండాలని ఆయన పట్టుదల. చేతిలో అన్నం ఉన్నవాడు ఆకలిగొన్నవాడిని చేర్చుకోకుండా ఆగడం సంఖ్యలు కోరే మిషన్‌కు లాభసాటి కాదు. నా దృష్టిలో 2,222 లక్షణం, ఆ నెలల సున్నా చిహ్నం. దురదృష్టవశాత్తు సున్నాకు వార్షికోత్సవాలు జరపడం కష్టం.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. చిహ్నం కనబడినంత మాత్రాన రోగం పేరు తేలదు. ఒకే చిహ్నానికి పది కారణాలుంటాయి. మంచి నడత అంతా విశ్వాసం వల్లే వచ్చిందనే వాదన తెలుగునాట నిలవదు. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం ఇందుకు ఉదాహరణ. నేరస్థ తెగల చట్టం నీడలో 1913లో ఏర్పడిన ఆ సెటిల్‌మెంటును నడిపింది సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ. బడి, పని కల్పించారు, నిజమే. హాజరు పిలుపులూ, ఊరు దాటడానికి అనుమతి చీటీలూ ఆ వ్యవస్థలోనివే. కొన్ని దశాబ్దాల తరవాత అక్కడికి వెళ్ళి, నేరం వదిలినవారి పక్కన నిలబడి, వారి పునరావాసానికి పనిచేసినవారు లవణం, హేమలతా లవణం దంపతులు. లవణం నాస్తికోద్యమకారుడు గోరా కుమారుడు. హేమలత గుర్రం జాషువా కుమార్తె. ఆమె తరవాత నిజామాబాదు జిల్లాలో జోగినీ దురాచారానికి వ్యతిరేకంగానూ పనిచేసింది. ఈ పనికి ఏ మతం పేరు పెడతాం?

జాషువా విషయంలోనూ ఇదే ప్రశ్న. ఆయన ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. క్రైస్తవ సాహిత్యం గురించి రాసేవారు సహజంగానే ఆ కావ్యం దగ్గర ఆగుతారు. నాకు ‘గబ్బిలం’ ఎక్కువ సాయపడుతుంది. 1941 నాటి ఆ కావ్యంలో నాయకుడు క్రైస్తవుడు కాడు. గుడిలోకి తనకు లేని ప్రవేశం గబ్బిలానికి ఉంది కనుక, దాని చేత కాశీ విశ్వేశ్వరుడికి కబురు పంపుకునే అంటరానివాడు. క్రైస్తవ కుటుంబంలో పుట్టిన కవి శివుడికి సందేశం పంపించడమేమిటని ఆశ్చర్యపడేవారు కావ్యాన్ని కవి సాక్ష్యంగా చదువుతున్నారు. అది మరొకరి బాధను వారి దేవుడి పేరుతోనే వినిపించిన రచన. మాట్లాడేవాడి నోట తన మతాన్ని పెట్టని సంయమనం దానిలో ఉంది. పురాణ కావ్యాలు రాస్తున్నాడని క్రైస్తవ పెద్దలు ఆయన్ను వెలివేశారని జీవితచరిత్రకారులు రాశారు. సవర్ణుల పంక్తిలో చోటు లేనివాడికి విశ్వాసుల పంక్తిలోనూ చోటు కరవైంది. ఆయనది క్రైస్తవ విశ్వాసమా, మానవతా విశ్వాసమా అని తేల్చడానికి నా దగ్గర పరీక్ష లేదు. ఆయన్ను వెలివేసినవారి నడత గురించి చెప్పడానికి మాత్రం ఉంది.

వైద్యంలో కొన్ని చిహ్నాలు ఉంటే రోగం ఉందని రూఢిగా చెప్పలేం, లేకపోతే మాత్రం రోగం లేదని దాదాపు ధైర్యంగా చెప్పవచ్చు. నడత ఆ రకపు చిహ్నమని నేననుకుంటాను. యాకోబు పత్రిక చదివినవారికి ఇది కొత్త సంగతి కాదు. తెలుగు క్రైస్తవుల విషయంలో ఆ చిహ్నాన్ని వెతకవలసిన చోటు కులం.

ఇక్కడ కాగితాలను నమ్మడానికి లేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం స్వీకరించిన దళితుడు షెడ్యూల్డు కులాల జాబితాలో ఉండడు. ఆంధ్రప్రదేశ్‌లో అతడు బీసీ-సీ వర్గంలో, ఒక శాతం రిజర్వేషను కిందికి వస్తాడు. అందువల్ల ఆదివారం గుడికి వెళ్ళి, ధ్రువపత్రంలో హిందువుగా ఉండే కుటుంబాలు అనేకం. దీన్ని కపటమనడం, పిల్లల చదువుకు ఆ పత్రం అవసరపడనివారికి సులభం. పైగా అగ్రకులాల నుంచి వచ్చిన క్రైస్తవులకు ఆ ఇబ్బంది లేదు. రెడ్డి రెడ్డిగానూ కాథలిక్కుగానూ ఏకకాలంలో ఉండగలడు. కాగితం చెప్పనిదాన్ని పెళ్ళి ప్రకటన చెబుతుంది. రక్షణ పొందిన, ప్రార్థనాపరురాలైన వధువు కావలెనన్న వాక్యం పక్కనే కులం, ఉపకులం. సముద్రాలు దాటి వచ్చినా, మెల్‌బోర్న్‌లో స్థిరపడిన అబ్బాయి అన్న మూడో అర్హత చేరుతుంది తప్ప ఆ రెండోది తొలగదు. బల్ల దగ్గర ఒకే రొట్టె విరిచినవారు వియ్యం దగ్గర విడిపోవడం తెలుగు క్రైస్తవ రచనల్లో ఇంకా విరివిగా చర్చకు రావలసిన విషయం.

మెల్‌బోర్న్ ప్రస్తావన వచ్చింది కనుక ఇక్కడి నుంచి మన గుంటూరుకు వెళ్ళిన ఒక డాక్టరు గురించి చెప్పాలి. మేరీ గ్లౌరీ 1887లో విక్టోరియా రాష్ట్రంలోని బిరెగర్రాలో పుట్టి, 1910లో మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయం నుంచి వైద్యపట్టా పొందింది. కాలిన్స్ స్ట్రీట్‌లో ప్రాక్టీసు. స్పెషలిస్టులకు ఆ వీధి చిరునామా ఏమిటో ఇక్కడి తెలుగు వైద్యులకు వివరించనక్కర్లేదు. 1919లో ప్రసూతి, స్త్రీవ్యాధులు, నేత్రవైద్యాల్లో ఎం.డి. పూర్తిచేసి, 1920 ఫిబ్రవరిలో గుంటూరు చేరి, జీసస్ మేరీ జోసెఫ్ సభలో కన్యస్త్రీ అయింది. అప్పటి చర్చి నియమాలు మఠవాసులు వైద్యం, ముఖ్యంగా ప్రసూతి వైద్యం, చేయడానికి అడ్డు. ఆమె పనిచేయడానికి రోము నుంచి ప్రత్యేకానుమతి కావలసివచ్చింది. సాధారణంగా ఆ నిషేధం సడలింది 1936లో. విశ్వాసం కోసం వెళ్ళిన మనిషికి ఆ విశ్వాసపు నియమాలే మొదటి అడ్డంకి కావడం చరిత్రలోని చిన్న వింత. అదే కాలంలో అదే గుంటూరులో జాషువా లూథరన్ల శిక్షణాలయంలో, తరవాత ప్రభుత్వ పాఠశాలలో పాఠాలు చెబుతున్నాడు.

ఆమె గురించిన భక్తి రచనలు కాలిన్స్ స్ట్రీట్ వదిలిన త్యాగాన్ని గొప్పగా చెబుతాయి. అది ఒక్కరోజు నిర్ణయం. వైద్యుడిగా నన్ను ఆకట్టుకునేది ఆ తరవాతి సాదా పని. మందులు కలపడం, కాన్పు చేయడం, రోగిని చూసుకోవడం స్థానిక స్త్రీలకు నేర్పడం. ఊరి మూలికలను తీసిపారేయకుండా పరిశీలించి వాడటం. ఒక్క డాక్టరుతో ఆసుపత్రి నడవదని గ్రహించి 1943లో దేశంలోని కాథలిక్ ఆసుపత్రులన్నిటికీ ఒక సంఘం స్థాపించడం. తాను లేకపోయినా పని సాగేటట్టు చూడటం వైద్యుల్లో అరుదైన గుణం. మనలో చాలామందికి మన రోగులు మన కోసమే ఎదురుచూడాలని ఉంటుంది. 1957లో బెంగుళూరులో ఆమె మరణించింది. సంఘం నేటికీ సికింద్రాబాదు కేంద్రంగా నడుస్తున్నది.

2013లో చర్చి ఆమెను ‘దైవసేవకురాలు’గా ప్రకటించింది. పునీతత్వపు విచారణలో సాక్ష్యం తిరిగి న్యాయస్థానపు అర్థంలోకి వస్తుంది: చనిపోయినవారి తరఫున ఇతరులు చెప్పాలి, ప్రశ్నలు ఎదుర్కోవాలి. ఆపైన ఒక అద్భుతం కావాలి. అది సాధారణంగా వైద్యానికి అంతుపట్టని స్వస్థత, దాన్ని పరిశీలించే బాధ్యత మళ్ళీ డాక్టర్లదే. ఆ నివేదిక కన్నా నాకు చదవాలని ఉన్నది వేరు. ఆమె దగ్గర మందులు కలపడం నేర్చుకున్న గుంటూరు అమ్మాయిలు ఏ పేటల నుంచి వచ్చారు, ఆసుపత్రిలో ఎవరి పక్కన కూర్చుని అన్నం తిన్నారు, ఎవరి ఇళ్ళలోకి కాన్పుకు వెళ్ళినప్పుడు వారిని ఏ గుమ్మం దగ్గర ఆపారు, అప్పుడు తెల్లబట్టల డాక్టరమ్మ లోపలికి వెళ్ళిందా, వారితోపాటు బయటే నిలబడిందా.