తల దొరకని రొయ్య

రొయ్యలు ఒలిచిన చేతికి ఆ దేహం కొట్టిన పిండి. తలనూ రొమ్మునూ కప్పే డిప్ప, వెనక ఆరు కణుపుల పొట్ట, చివర విచ్చుకున్న తోక. కెనడా భూగర్భ సర్వేకు చెందిన జోసెఫ్ వైటీవ్స్ 1892లో ఒక శిలాజాన్ని ఇదే లెక్కన చదివాడు. బ్రిటిష్ కొలంబియాలోని స్టీఫెన్ పర్వతం మీద దొరికిన రాయి అది. వంపు తిరిగిన కణుపుల వరుస, దాని అడుగున ముళ్లు. తల ఊడిన రొయ్య అనుకుని అనోమలోకారిస్ కెనడెన్సిస్ అని పేరు పెట్టాడు.

ఆ తల ఎవరికీ దొరకలేదు.

దగ్గర్లోని బర్జెస్ షేల్ రాళ్లు సుమారు 50.8 కోట్ల ఏళ్ల నాటి సముద్రపు అడుగు బురద. 1911లో అమెరికన్ శాస్త్రవేత్త చార్లెస్ వాల్కాట్ అక్కడి గుండ్రటి అచ్చు ఒకదాన్ని జెల్లీచేప అన్నాడు, పెయ్‌టోయియా అని పిలిచాడు. చదునైన మరో అచ్చును సముద్ర దోసకాయగా భావించి లగ్గానియా అన్నాడు.

శిలాజాల పనిలో అసలు నేర్పు రాయి బల్ల మీదికి చేరాక మొదలవుతుంది. బర్జెస్ జీవులు నలిగి చదునైనా, అవయవాల మధ్య పలచని బురద పొరలు మిగిలాయి. పై పొర గీకితే కింది భాగం బయటపడుతుంది, పైది మాత్రం పోతుంది. అందుకే గీకే ముందు బొమ్మ గీసుకోవాలి. కేంబ్రిడ్జిలో హ్యారీ విటింగ్టన్ బృందం ఈ ఓపికతోనే పనిచేసింది. ఒక రాతిని అలా గీకుతుంటే వైటీవ్స్ రొయ్య, వాల్కాట్ జెల్లీచేప ఒకే దేహానికి అతికి కనిపించాయి. రొయ్య అనుకున్నది నోటి ముందు వేటాడే చేయి, జెల్లీచేప అనుకున్నది నోరు. విటింగ్టన్, డెరెక్ బ్రిగ్స్ ఈ సంగతి 1985లో ప్రచురించారు.

వైటీవ్స్ చూసిన కణుపులూ ముళ్లూ నిజమైనవే. ఆయన దగ్గర లేనిది మిగతా జంతువు. చేతికందిన ముక్కను ఇంత శ్రద్ధగా వర్ణించి పెట్టినందువల్లే తర్వాతివారు దాన్ని సరైన చోట అతికించగలిగారు. అందుకే ఆ పాత వర్ణన ఎంతో గౌరవించదగినది.

సవరణ అక్కడితో ఆగలేదు. ఈ జంతువు దేహమేనని అప్పట్లో అనుకున్న లగ్గానియా వేరే జీవేనని టొరంటోలోని రాయల్ ఒంటారియో మ్యూజియం శాస్త్రవేత్త డెస్మండ్ కాలిన్స్ 1996లో చూపాడు. ఆ గుండ్రటి నోరు అనోమలోకారిస్‌ది కాదని 2012లో తేలింది. ఆ చేతులు ట్రైలోబైట్లనే నాటి సముద్రజీవుల గట్టి పెంకును నలిపేంత బలమైనవి కావనీ, అది మెత్తటి జీవులను పట్టి ఉంటుందనీ 2023 నాటి కంప్యూటర్ నమూనాలు సూచించాయి.

ఆ మ్యూజియంలో తొలినాటి జీవుల గ్యాలరీ 2021లో తెరుచుకుంది. టొరంటో తెలుగు తల్లిదండ్రులు పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లాలి. పక్కనున్న పేరు చదవకముందే ఒక రాతి బొమ్మ గీయించాలి, కణుపులు లెక్కపెట్టించాలి.