పెద్దమనుషుల ఒప్పందం ముందు ఇద్దరు విద్యార్థులు

1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో ఆంధ్ర, తెలంగాణల విలీనంపై ఎనిమిది మంది నాయకులు ఒక మాటకు వచ్చారు. ఆంధ్ర వైపు నుంచి బెజవాడ గోపాలరెడ్డి, నీలం సంజీవరెడ్డి, గౌతు లచ్చన్న, అల్లూరి సత్యనారాయణరాజు. తెలంగాణ వైపు నుంచి బూర్గుల రామకృష్ణారావు, కె.వి.రంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి, జె.వి.నర్సింగరావు. అదే పెద్దమనుషుల ఒప్పందం. తెలంగాణకు ప్రాంతీయ మండలి ఉండాలి, అక్కడి ఉద్యోగాలకు 12 ఏళ్ల నివాసం వంటి నిబంధన ఉండాలి, ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వారైతే ఉపముఖ్యమంత్రి రెండో ప్రాంతం వారు కావాలి అని అందులో రాసుకున్నారు. నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. తొలి మంత్రివర్గంలో ఉపముఖ్యమంత్రి లేరు.

ఈ కాగితాన్ని చరిత్ర తరగతిలో ఒకలా చదువుతారు, రాజనీతి శాస్త్రం తరగతిలో ఇంకోలా చదువుతారు. రెండింటిలో ఏది తీసుకోవాలో తేలక ఊగిసలాడే విద్యార్థికి ఆ తేడా తెలిస్తే సగం చిక్కు విడిపోతుంది.

చరిత్ర విద్యార్థులు ముందు వెనక్కి నడుస్తారు. ఆ నివాస నిబంధన ఎక్కడి నుంచి వచ్చిందని వెతికితే నిజాం కాలపు ముల్కీ (స్థానికుల) నిబంధనలు తగులుతాయి. అక్కడ గడువు 15 ఏళ్లు. ఇంకాస్త వెతికితే 1952 నాటి ముల్కీ ఆందోళన, 1955 సెప్టెంబరులో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణపై ఫజల్ అలీ కమిషన్ ఇచ్చిన నివేదిక కనిపిస్తాయి. తెలంగాణను అప్పటికి హైదరాబాద్ రాష్ట్రంగా విడిగా ఉంచి, 1961 ప్రాంతంలో జరిగే ఎన్నికల తర్వాత అక్కడి శాసనసభ మూడింట రెండు వంతుల మెజారిటీతో కోరితే కలపవచ్చని కమిషన్ చెప్పింది. అందులోని ముగ్గురు సభ్యుల్లో ఒకరైన కె.ఎం.పణిక్కర్ స్వయంగా చరిత్రకారుడు. ఎవరు రాశారు, ఎప్పుడు, ఎవరి కోసం, ఏం దాటవేశారు అన్న ప్రశ్నలు ఈ చదువులో రోజూ వేసుకోవాల్సినవే. ఒక నాయకుడి ఆత్మకథ దొరికినంత మాత్రాన సరిపోదు. దాన్ని ఆనాటి పత్రికతోనూ, శాసనసభ చర్చలతోనూ పక్కపక్కన పెట్టి చూడాలి.

శాసనాల దగ్గర ఈ విద్య మరింత పదునెక్కుతుంది. ముందు రాతిని కడిగి, తడి కాగితం పరిచి, అక్షరాల గుంతల్లోకి దిగేలా బ్రష్‌తో కొట్టి, పైన సిరా అద్ది నకలు తీస్తారు. ఆ తర్వాత చదవడం మొదలవుతుంది. కాకతి గణపతిదేవుడు 1244లో వేయించిన మోటుపల్లి శాసనం సముద్ర వర్తకులకు అభయమిస్తుంది: తుపానుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును మునుపటి రాజుల్లా లాక్కోను, న్యాయమైన సుంకమే తీసుకుంటాను అని. రాజు ఇచ్చిన మాట ఇది. అయితే చరిత్రకారుడి కళ్లకు ఆ మాట వెనకున్న భయం కూడా కనిపిస్తుంది. అంతకుముందు వర్తకులు ఈ తీరంలో ఏం పోగొట్టుకునేవారో ఆ అభయమే చెబుతోంది.

రాజనీతి శాస్త్రం విద్యార్థులు అదే పెద్దమనుషుల ఒప్పందాన్ని పట్టుకుని, ఇది ఎందుకు నిలవలేదని అడుగుతారు. మాట తప్పితే అడిగే అధికారం ఎవరికుంది? 1956లో రాజ్యాంగంలోని 371వ అధికరణ ద్వారా ప్రాంతీయ సంఘానికి చోటు దక్కింది కానీ ఉపముఖ్యమంత్రి షరతు మాటగానే మిగిలింది. 1969 తెలంగాణ ఉద్యమం, 1972 జై ఆంధ్ర ఉద్యమం తర్వాత 1973లో 32వ సవరణతో ఆంధ్రప్రదేశ్‌కు ప్రత్యేక నిబంధనగా 371-డి వచ్చింది. దాన్ని నాగాలాండ్‌కున్న 371-ఎ పక్కన పెట్టి చూడటం ఈ శాస్త్రం పద్ధతి. ఒక్క ఉదాహరణతో అది తృప్తి పడదు, రెండోది, మూడోది తెమ్మంటుంది.

లెక్కించడం దీని రెండో పనిముట్టు. ఢిల్లీలో 1963లో మొదలైన పరిశోధన సంస్థ సీఎస్‌డీఎస్ ఎన్నికల అధ్యయనాలకు పేరు పొందింది. దాని సర్వేల్లో ఓటరు ఎవరికి వేశారని నోటితో అడగరు. నమూనా బ్యాలెట్ ఇచ్చి, గుర్తు పెట్టి పెట్టెలో వేయమంటారు. పక్కింటివారి ముందు నోరు విప్పని మనిషి కూడా కాగితం మీద నిజం చెబుతాడని ఆ ఏర్పాటు.

మన కాలేజీల్లో చాలాకాలం ఈ రెండింటిలో ఒకటి ఎంచుకోవాల్సిన పేచీ రాలేదు. హెచ్‌ఈపీ అంటే చరిత్ర, అర్థశాస్త్రం, రాజనీతి శాస్త్రం మూడూ ఒకే గంపలో వచ్చేవి. ఎంఏలో చేరేటప్పుడే ఒకదాన్ని వదులుకోవాల్సి వచ్చేది. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24లో డిగ్రీలోనే ఒక్క మేజర్ పద్ధతి రావడంతో ఇంటర్ పూర్తయిన వెంటనే తేల్చుకోవాల్సి వచ్చింది.

పోటీ పరీక్షలను బట్టి ఎంచుకుందామంటే తక్కెడ ఎటూ మొగ్గదు. సివిల్స్‌లో రెండూ ఆప్షనల్స్‌గా ఉన్నాయి, గ్రూప్స్‌లో రెండూ చదవక తప్పదు. లా, జర్నలిజం, బోధన వైపు రెండు దారులూ వెళ్తాయి. పురావస్తు శాఖ, మ్యూజియాలు, ఆర్కైవ్స్ చరిత్రకు దగ్గర. సర్వే సంస్థలు, విధాన పరిశోధన రాజనీతి శాస్త్రానికి దగ్గర.

అసలు తేడా రోజువారీ శ్రమలో ఉంది. నిజాం పాలన మీద పరిశోధన చేయాలంటే హైదరాబాద్ తార్నాకలోని తెలంగాణ రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉర్దూ, ఫార్సీ కాగితాలతో కుస్తీ పట్టాలి. పాత లిపి ఒక్క పంక్తి విడమరచడానికి ఒక పూట పట్టినా విసుక్కోకూడదు. రాజనీతి శాస్త్రంలో గణాంకాలకు జంకకూడదు, సుప్రీంకోర్టు తీర్పు వందల పేజీలున్నా చివరిదాకా చదవాలి, గ్రీకుల నుంచి అంబేద్కర్ దాకా సిద్ధాంతాలతో వాదనకు దిగాలి.

1956 నాటి ఆ కాగితాన్ని ఇద్దరు హాస్టల్ మిత్రుల చేతిలో పెడితే, ఆ గదిలో ఆ రోజు ఎవరు ముందు మెత్తబడ్డారో తెలుసుకోవాలని ఒకరికి నిద్ర పట్టదు. ఉపముఖ్యమంత్రి షరతును రాజ్యాంగంలో ఏ అధికరణ కింద రాసి ఉంటే నిలిచేదో తేల్చుకునేదాకా రెండోవారు లైటు ఆర్పరు.