సంఘం వెలుపలి క్రీస్తుభక్తి: కె. సుబ్బారావు పాటలు

తెలుగు క్రైస్తవ సాహిత్య చరిత్ర ప్రధానంగా బైబిలు అనువాదాల చుట్టూ, సంఘారాధనలో పాడే కీర్తనల చుట్టూ నిర్మితమైంది. పురుషోత్తమ చౌదరి (1803-1890) రచనలు ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ సంపుటి ద్వారా నేటికీ ఆరాధనలో నిలిచి ఉన్నాయి. ఈ చట్రంలో ఇమడని భక్తుడు కె. సుబ్బారావు (1912-1981).

ఉపాధ్యాయుడైన సుబ్బారావు 1942లో, అనారోగ్య సమయంలో తనకు క్రీస్తు దర్శనమిచ్చాడని చెప్పారు. క్రీస్తును గురువుగా కొలుస్తూ తెలుగులో పాటలు కట్టారు. బాప్తిస్మం పొంది సంఘంలో చేరడాన్ని నిరాకరించారు; పాదిరీల అధికారాన్ని తీవ్రంగా విమర్శించారు. ఆయన చుట్టూ ఏర్పడిన ఉద్యమంపై డేనిష్ పండితుడు కాయ్ బాగో 1968లో ఒక అధ్యయనం వెలువరించాడు.

ఈ భక్తిని ‘అసంపూర్ణ క్రైస్తవం’ అనడం సంఘసభ్యత్వాన్ని సాహిత్య ప్రమాణంగా చేయడమే. గురువును నేరుగా ఆశ్రయించడం, బాహ్యాచారాన్ని నిరసించడం వేమన నాటినుంచీ తెలుగు పాఠకులకు పరిచితమైన మార్గం. సుబ్బారావు పాటలను ఆ వరుసలో చదివితేనే వాటి స్వరం స్పష్టమవుతుంది.

అయితే ఒక ప్రశ్న మిగులుతుంది. ఈ ఉద్యమంలోకి వచ్చినవారిలో సవర్ణ హిందువులే అధికులు. మాల, మాదిగ కుటుంబాలకు బాప్తిస్మం వట్టి ఆచారం కాదు. అక్షరానికీ ఆత్మగౌరవానికీ అది ద్వారమైంది. దానిని కాదనుకోగల స్వేచ్ఛ అందరికీ సమానంగా లేదు. కనుక సంఘం వెలుపలి భక్తిని విశ్లేషించేటప్పుడు పాట ఎవరిని సంబోధిస్తున్నదో, పాడేవారు ఏ సామాజిక స్థానంలో నిలిచి పాడుతున్నారో రెండింటినీ పరిశీలించాలి.